ప్లైవుడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఏ కంపెనీది కొనమంటారు?" అన్నది అందరూ ముందుగా అడిగే మాట. దానికి ఇక్కడ జవాబు దొరకదు. ఒకే కంపెనీ పడకగది అల్మరాకు సరిపోయే బోర్డూ చేస్తుంది, పడవకు పనికొచ్చే బోర్డూ చేస్తుంది. రెండోది పెట్టాల్సిన చోట మొదటిది పెడితే, పేరు ఎంత పెద్దదైనా పొరలు లేచిపోతాయి. లోపల ఏ జిగురు వాడారు, అంచు ఎలా ఉంది అన్న రెండు సంగతులు పట్టుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే తేలతాయి. కింది జవాబుల్లో అవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

ప్లైవుడ్ కూడా చెక్కే కదా, మరి తేడా ఏమిటి?

చెక్కే. కానీ విప్పి, మళ్ళీ అంటించిన చెక్క. మానును వేడినీళ్ళలో నానబెట్టో, ఆవిరి పట్టో మెత్తబరుస్తారు. తర్వాత పెద్ద లేత్ యంత్రంలో బిగించి తిప్పుతూ, పొడవాటి కత్తిని ఆనిస్తారు. చుట్టిన చాపను పరిచినట్టు మాను మొత్తం పల్చటి పొరగా విచ్చుకుంటూ వస్తుంది. దీన్నే వెనీర్ అంటారు. వెనీర్లను ఆరబెట్టి, జిగురు పూసి, ఒక పొర నార నిలువుగా ఉంటే దాని మీది పొర నార అడ్డంగా వచ్చేలా పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కుతారు.

కిటుకంతా ఆ అడ్డంగా పేర్చడంలోనే ఉంది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి నార పొడవునా దాదాపుగా ఏమీ తగ్గదు, 0.1 నుంచి 0.3 శాతం అంతే. అదే వలయాల వెంబడి చాలా జాతుల్లో 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది. వెడల్పాటి చెక్క పలకలు బీటలు వారేది అందుకే. ప్లైవుడ్‌లో ఒక పొర కుంచించుకోబోతే పక్క పొర నార దాన్ని కదలనివ్వదు. అందుకే నాలుగడుగుల వెడల్పున్నా అది పగలదు, అంచుకు దగ్గరగా మేకు కొట్టినా మామూలు చెక్కలా నిలువునా చీలిపోదు.

పొరలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయి?

మధ్య పొరకు రెండు వైపులా ఒకే అమరిక ఉండాలి కాబట్టి. పైముఖం నార ఎటు వెళుతుందో కింది ముఖం నార కూడా అటే వెళ్ళాలి. అప్పుడు రెండు వైపులా లాగుడు సమానమై బోర్డు చదునుగా నిలుస్తుంది. ఎప్పుడైనా నాలుగు పొరలున్న బోర్డు కనిపిస్తే మధ్య రెంటినీ చూడండి, వాటి నార ఒకే దిశలో ఉంటుంది. అంటే లెక్కకు అవి రెండూ కలిసి ఒక్క పొర కిందే.

ఇది ఈ మధ్య వచ్చిన వస్తువేనా?

ఆలోచన చాలా పాతది. ఈజిప్టులోని సక్కారాలో, జోసెర్ మెట్ల పిరమిడ్ కింద, ఆరు పల్చటి చెక్క పొరలతో చేసిన శవపేటిక దొరికింది. దాని వయసు నాలుగున్నర వేల ఏళ్ళ పైమాటే. ఆధునిక కాలానికి వస్తే, అమెరికాలో జాన్ మేయో 1865లో అడ్డంగా పేర్చిన పొరలకు పేటెంట్ తీసుకున్నాడు. 1905లో పోర్ట్‌లండ్ నగరంలో జరిగిన ప్రదర్శనలో డగ్లస్ ఫర్ చెక్కతో చేసిన పలకలను జనానికి చూపించారు. అక్కడి నుంచి అది పరిశ్రమగా మారింది.

అయితే ప్లైవుడ్ చరిత్ర అసలు జిగురు చరిత్రే అని నా అభిప్రాయం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన మస్కిటో విమానం సంగతి చూడండి. 1940 నవంబరులో తొలిసారి ఎగిరిన ఆ విమానం ఒంటికి బాల్సా చెక్క గుండె, దానికి రెండు వైపులా బర్చ్ ప్లైవుడ్. మొదట్లో దాన్ని పాల నుంచి తీసే కేసిన్ జిగురుతో అతికించారు. ఉక్క, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆ జిగురు నమ్మదగ్గది కాదని తేలాక ఫార్మాల్డిహైడ్ రకం జిగుళ్ళకు మారారు. చెక్క అదే, జిగురే మారింది.

ఎం.ఆర్., బి.డబ్ల్యు.ఆర్., బి.డబ్ల్యు.పి., మెరైన్: వీటిలో ఏది తీసుకోవాలి?

ఈ అక్షరాలన్నీ జిగురు నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పేవే.

ఎం.ఆర్. అంటే గాలిలోని చెమ్మను తట్టుకునేది అని. నీళ్ళను తట్టుకుంటుందని కాదు. ఈ ఒక్క పొరపాటు వల్ల పాడైన సింకు కింది అరలకు లెక్కలేదు. వీటిలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. పడకగది అల్మరా, పుస్తకాల బీరువా, టీవీ వెనక పలక, ఆఫీసు బల్ల వంటి పొడి చోట్లకు అది చాలు. అక్కడ కూడా మెరైన్ పెట్టించుకోవడం డబ్బు దండగ.

బి.డబ్ల్యు.ఆర్. జిగురు మరుగుతున్న నీటిని కొన్ని గంటలు తట్టుకుంటుంది. వంటగది అరలకు, అప్పుడప్పుడు తడి తగిలే చోట్లకు ఇది. బి.డబ్ల్యు.పి. ఇంకా గట్టిది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన ఈ బోర్డు ముక్కను 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. సింకు కింద, స్నానాలగది పక్క గోడకు, వాన జల్లు కొట్టే చోట ఇది పెట్టండి. మెరైన్ అంటే జిగురు ఒక్కటే కాదు, లోపలి పొరల నాణ్యత మీద, ఖాళీల మీద కూడా నియమాలు గట్టిగా ఉంటాయి.

బోర్డు మీద ఉండే ముద్ర దేశాన్ని బట్టి మారుతుంది. భారత ప్రమాణాల్లో మామూలు వాడకానికి ఐఎస్ 303, మెరైన్‌కు ఐఎస్ 710. బ్రిటన్‌లో మెరైన్‌కు బీఎస్ 1088. ఐరోపాలో ఈఎన్ 636 ప్రకారం పొడి, తేమ, ఆరుబయలు అని మూడు తరగతులు. పెద్దక్షరాలతో అచ్చేసిన "సూపర్", "గోల్డ్", "క్లబ్" లాంటి మాటలకు ఏ ప్రమాణంలోనూ అర్థం లేదు. చూడాల్సింది ఆ సంఖ్యల్ని.

"వాటర్‌ప్రూఫ్" అని రాశారు. నీళ్ళు తగిలినా ఏమీ కాదా?

అవుతుంది. వాటర్‌ప్రూఫ్ అయింది జిగురు, చెక్క కాదు. ఎంత మంచి జిగురు వాడినా మధ్యనున్న పొరలు చెక్కే. అవి నీళ్ళు తాగుతాయి, ఉబ్బుతాయి, ఎప్పుడూ తడిగానే ఉంటే బూజు పట్టి కుళ్ళిపోతాయి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్ళు పట్టదు. దాన్ని దాటి అలాగే ఉండిపోతేనే కుళ్ళు తెచ్చే శిలీంధ్రాలకు అదను దొరుకుతుంది. కాబట్టి ఒకసారి తడిసి వెంటనే ఆరిపోయే చోట బి.డబ్ల్యు.పి. బోర్డు ఏళ్ళ తరబడి ఉంటుంది. నీళ్ళు నిలిచే చోట, ఆరే దారి లేని చోట అదే బోర్డు త్వరగానే పోతుంది.

నీళ్ళు లోపలికి వెళ్ళే ప్రధాన ద్వారం అంచు. ముఖం మీద లామినేట్ ఉంటుంది, రంగు ఉంటుంది. కోసిన అంచులో మాత్రం చెక్క నారల కొసలు తెరుచుకుని ఉంటాయి, నీటిని ఇట్టే పీల్చేస్తాయి. సింకు కింది అరను ఒకసారి తెరిచి, అడుగు పలక వెనకంచును వేలితో తడిమి చూడండి. గోడకు ఆనుకున్న ఆ అంచు మీద ఎవరూ ఏమీ పూయరు, కనిపించదు కదా అని. పాడవడం అక్కడే మొదలవుతుంది. ముందు గరుకు తేలుతుంది, తర్వాత పై లామినేట్ కొద్దిగా పైకి లేస్తుంది, ఆ తర్వాత వేలు పెట్టి నొక్కితే మెత్తగా తగులుతుంది. బిగించే ముందే నాలుగు అంచులకూ, పైపుల కోసం చేసిన రంధ్రాల లోపలి గోడలకూ సీలరో, ఎపాక్సీయో, కనీసం రెండు పూతలు పెయింటో వేయించండి. పనివాళ్ళు తొందరలో ఉంటారు, దగ్గరుండి అడగాలి.

దుకాణంలో బోర్డు చూసి మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ముఖం చూసి మోసపోకండి. అందమైన పైపొర మందం చాలా బోర్డుల్లో మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. దాని కింద ఏముందో అది చెప్పదు.

అంచు దగ్గర కూర్చుని చూడండి. లోపలి పొరలు ఒకే మందంతో, అలలు తేలకుండా సాగాలి. రెండు వెనీర్ ముక్కలు కలిసే చోట సందు ఉంటే అది లోపలికి సొరంగంలా పోతుంది. స్క్రూ అక్కడ పడితే పట్టు దొరకదు, బోర్డు మీద బరువు పడితే అక్కడే దిగబడుతుంది. ఒక ముక్క మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటే ముఖం మీద గీతలా ఉబ్బు కనిపిస్తుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అది తెలిసిపోతుంది. కొందరు అంచుల సందుల్లో మక్కు పూసి రంగేసి పంపుతారు. అంచు మరీ నున్నగా, ఒకే రంగులో ఉంటే ఒక మూలను కోసి చూపించమనండి.

జిగురు గీతలు కూడా చూడండి. ఫినాలిక్ జిగురు ముదురు ఎరుపు గోధుమ రంగులో గీతలు గీసినట్టు కనిపిస్తుంది. యూరియా జిగురుకు దాదాపు రంగుండదు. మరీ గుడ్డిగా నమ్మొద్దు, రంగు కలిపి ముదురు చేసిన జిగుళ్ళూ ఉన్నాయి.

తర్వాత వేలి కణుపులతో బోర్డంతా తడుతూ పోండి. గట్టి శబ్దం మధ్యలో ఎక్కడైనా డొల్లగా మోగితే అక్కడ పొరలు అంటుకోలేదన్నమాట. ఒక కొస దగ్గర నిలబడి కంటి ఎత్తున పట్టుకుని పొడవునా చూస్తే వంకర ఉందో లేదో తేలుతుంది. నాలుగు మూలల్లో మందం కొలవండి. లామినేట్ పని ఉంటే క్యాలిబ్రేటెడ్ బోర్డు, అంటే అంతటా ఒకే మందానికి చిత్రిక పట్టినది తీసుకుంటే అతుకులు కలుస్తాయి. 18 మి.మీ. అని అమ్మే బోర్డు కొలిస్తే 16 వచ్చిందంటే వెనక్కి తిరగండి.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. చిన్న ముక్క తెచ్చుకుని పాత గిన్నెలో కొన్ని గంటలు మరిగించండి. బి.డబ్ల్యు.పి. అని అమ్మినదైతే ఉబ్బుతుంది కానీ విడిపోదు. పుస్తకంలా తెరుచుకుంటే ముద్ర మీద నమ్మకం వదులుకోవచ్చు.

ఏ పనికి ఎంత మందం?

అల్మరా పక్క పలకలకు, అరలకు, తలుపులకు 18 లేదా 19 మి.మీ. సొరుగు పక్కలకు 12. అల్మరా వెనక 6, బరువు వేలాడదీసే ఉద్దేశముంటే 9. మంచం మీద పరుపు కింద, పట్టీలు దగ్గరదగ్గరగా ఉంటే 12, దూరంగా ఉంటే 18. పని బల్లకు 25, లేదా రెండు 12లు అతికించి. మామూలు షీటు 8 అడుగులకు 4 అడుగులు, అంటే 2440 × 1220 మి.మీ. 18 మి.మీ. మందం పూర్తి షీటు ముప్పై కిలోల పైనే తూగుతుంది, మెట్లెక్కించేటప్పుడు ఇద్దరుండండి.

పుస్తకాల అర మధ్యలో కుంగిపోయింది. నాసిరకం ప్లైవుడ్ అనుకోవాలా?

కాకపోవచ్చు, పొడవు ఎక్కువై ఉంటుంది. పలక బిగుసు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని మందం ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది. 12 మి.మీ. బదులు 18 వేస్తే మందం ఒకటిన్నర రెట్లే, బిగుసు మూడు రెట్లకు పైగా. ఆసరాల మధ్య దూరం ఇంకా గట్టిగా దెబ్బకొడుతుంది. నిండా పుస్తకాలు సర్దిన అర పొడవు రెట్టింపు చేస్తే కుంగుడు రెట్టింపు కాదు, 16 రెట్లు. అందుకే 18 మి.మీ. అరకు రెండున్నర, మూడడుగులకు ఒక ఆసరా ఇవ్వాలి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పైపొర నార అర పొడవునా వెళ్ళేలా కోయాలి. షీటులో ముక్కలు సర్దుబాటు చేసే హడావిడిలో అడ్డంగా కోస్తే అదే బోర్డు ఇట్టే వంగుతుంది. ముందంచుకు అంగుళంన్నర ఎత్తు గట్టి చెక్క పట్టీ నిలువుగా అతికిస్తే అర ఎంత బిగుసుకుంటుందో మీరే చూస్తారు.

బ్లాక్‌బోర్డు, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు: ఇవన్నీ ఒకటేనా?

కావు. బ్లాక్‌బోర్డు అంటే ఇక్కడ బడిలోని నల్లబల్ల కాదు. దీనిలో మధ్యన చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి, పైనా కిందా వెనీర్ వేస్తారు. తేలిక, పొడవాటి తలుపులకు బాగుంటుంది, నీళ్ళంటే మాత్రం భయం. ఎం.డి.ఎఫ్. చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కినది. నార దిశంటూ లేదు కాబట్టి అంచు నున్నగా వస్తుంది, చెక్కుడు పనికి, పెయింటుకు దానికి సాటి లేదు. స్క్రూ పట్టులో మాత్రం ప్లైవుడ్‌దే పైచేయి. పార్టికల్ బోర్డు చెక్క పొట్టుతో చేసేది. పొడి గదిలో, బరువు లేని చోట తప్ప నేను సిఫారసు చేయను. మామూలు రకాలు ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బితే మళ్ళీ మామూలు మందానికి రావు.

లామినేట్ వేయించిన తలుపు కొన్నాళ్ళకే వంకర తిరిగింది. కారణం?

వెనకవైపు ఏమీ వేయలేదు కదూ? అదే కారణం. ఒకవైపు లామినేట్ అతికిస్తే అటు చెమ్మ ఆడదు, ఇటు ఆడుతుంది. రెండు ముఖాలు వేర్వేరుగా ఉబ్బి, తగ్గి తలుపును వంచేస్తాయి. బేసి పొరలతో తెచ్చిన సమతూకాన్ని ఒక్క షీటుతో పోగొట్టినట్టే. వెనకవైపు అంత ఖరీదైనది అక్కర్లేదు, కానీ దాదాపు అంతే మందమున్న లామినేట్ ఉండాలి. రెండూ ఒకే పూట అతికించడం మంచిది.

కోస్తుంటే అంచు చిట్లిపోతోంది. ఏం చేయాలి?

పళ్ళు సన్నగా, ఎక్కువగా ఉన్న బ్లేడు వాడండి. చిట్లేది రంపపు పళ్ళు బయటికి వచ్చే వైపు. చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపానికి పళ్ళు కింది నుంచి పైకి వస్తాయి, కాబట్టి మంచి ముఖం కిందికి పెట్టాలి. టేబుల్ రంపానికి, చేతి రంపానికి దీనికి తిరగేసి, మంచి ముఖం పైకి పెట్టాలి. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, పదునైన కత్తితో గీతను ముందే లోతుగా గీసుకుంటే పైపొర లేవదు.

అంచులోకి ఎక్కించిన స్క్రూలు ఊడిపోతున్నాయి.

ముఖంలోకి దిగిన స్క్రూకు ఉండే పట్టు అంచులో ఉండదు. అక్కడ అది పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తుంది. ముందుగా సన్నటి రంధ్రం వేసి, పొడవాటి స్క్రూ సరిగ్గా మందం మధ్యలోకి దిగేలా చూడండి. బరువు మోసే మూలలకు స్క్రూ ఒక్కటే చాలదు, జిగురూ ఉండాలి. తలుపు కబ్జాలు ముఖానికే బిగించండి.

చెదలు, పురుగు పట్టకుండా ఉంటుందా?

దానంతట అది ఉండదు. జిగురులోనో, వెనీర్‌లోనో బోరాన్ లవణాల వంటి మందు కలిపిన బోర్డులకే ఆ రక్షణ. చెదలు నేల నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి, కాబట్టి దానికి మందు ముందు నేలకూ గోడకూ చేయాలి. బోరర్ వేరు. అది చెక్కలోనే గుడ్డు నుంచి పెరిగి, గుండుసూది తల అంత రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. అర కింద పిండిలాంటి పొడి రాలి ఉంటే అదే. తుడిచేశాక మళ్ళీ రాలితే పురుగు ఇంకా లోపలుందని.

కొత్త అల్మరా తెరిస్తే కళ్ళు మండుతున్నాయి. ప్రమాదమా?

అది జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. కంగారూ వద్దు. వాసన మొదటి వారాల్లో ఎక్కువ, తర్వాత తగ్గుతూ పోతుంది. వేడి, ఉక్క పెరిగితే మళ్ళీ పెరుగుతుంది. యూరియా జిగురు నుంచి ఎక్కువ వస్తుంది, ఫినాల్ జిగురు నుంచి చాలా తక్కువ. కొనేటప్పుడు ఈ1 లేదా ఈ0 ముద్ర (ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే బోర్డులకు వేసేది) చూడండి. కాలిఫోర్నియా నిబంధనల రెండో దశ ప్రకారం హార్డ్‌వుడ్ ప్లైవుడ్ వదిలే ఫార్మాల్డిహైడ్‌కు పరిమితి 0.05 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.05 భాగం). తలుపులు, కిటికీలు తీసి ఉంచండి, లోపలి అంచులన్నీ సీలు చేయించండి. పసిపిల్లల గదికైతే పని ముగిశాక కొన్ని వారాలు ఆగి వాడుకోవడం మేలు.

సెంట్రింగ్‌కు వాడే నల్లటి ప్లైవుడ్ ఏమిటి?

ముఖం మీద ఫినాలిక్ ఫిల్మ్ అతికించిన బోర్డు. కాంక్రీటు దానికి అంటుకోదు, తీసినప్పుడు ఉపరితలం నున్నగా వస్తుంది. మామూలు ప్లైవుడ్ వాడితే చెక్కలోని చక్కెరలు సిమెంటు గట్టిపడడాన్ని అడ్డుకుని పైపొర పొడిపొడిగా రాలుతుంది. ఎన్నిసార్లు వాడుకోవచ్చన్నది బోర్డు కన్నా పనివాళ్ళ చేతిలో ఉంటుంది. ప్రతిసారీ నూనె పూయాలి, కోసిన అంచుకు వెంటనే రంగేయాలి, గడ్డపారతో పెళ్ళగించకూడదు. ఈ బోర్డును తర్వాత ఇంట్లో ఫర్నిచర్‌కు వాడదామనుకోకండి, కాంక్రీటు ముక్కలు రంపపు పళ్ళను తినేస్తాయి.

ఇళ్ళ నిర్మాణంలో దీన్ని గోడలకు, పైకప్పుకు కూడా వాడతారా?

చెక్క చట్రంతో ఇళ్ళు కట్టే చోట్ల బాగా వాడతారు. చట్రానికి ప్లైవుడ్ కొట్టేస్తే గాలికి, భూకంపానికి పక్కకు ఒరగకుండా గోడ మొత్తం ఒకటిగా పట్టుకుంటుంది. దీనికి నిర్మాణ తరగతి బోర్డే వాడాలి, ఫర్నిచర్ బోర్డు కాదు. పలకకూ పలకకూ మధ్య 3 మి.మీ. సందు వదలాలి. లేకపోతే తేమకు పెరిగినప్పుడు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి.

మంటను తట్టుకుంటుందా?

చెక్కే కాబట్టి కాలుతుంది, సుమారు నిమిషానికి ఒక మిల్లీమీటరు చొప్పున. మందు పట్టించిన అగ్ని నిరోధక రకాలు మంట పాకడాన్ని ఆలస్యం చేస్తాయి, అసలు కాలకుండా ఆపవు. పొయ్యికి ఆనుకుని ఏదీ పెట్టకండి.

వాన నీళ్ళకు బోర్డు ఉబ్బింది. బాగవుతుందా?

పొరలు ఇంకా అతుక్కునే ఉంటే ఆశ ఉంది. ఎండలో పెట్టకండి, ఒకవైపే గబగబా ఆరి మెలి తిరుగుతుంది. నీడలో, కింద పట్టీలు వేసి, అన్ని వైపులా గాలి ఆడేలా చదునుగా పరిచి, పైన బరువు పెట్టి నిదానంగా ఆరనివ్వండి. అంచు దగ్గర కొంచెమే విడిపోయి ఉంటే, పూర్తిగా ఆరాక సన్నటి కత్తితో సందు తెరిచి, ఎపాక్సీ ఎక్కించి, క్లాంపులతో ఒక రోజు బిగించి ఉంచొచ్చు. బోర్డు మధ్యలో బుడగలు లేచాయంటే దాన్ని బాగుచేయాలని చూడకండి, మార్చేయండి.

కొత్త బోర్డుల నిల్వకూ ఇదే పద్ధతి. గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేస్తే కొన్ని వారాల్లో విల్లులా వంగుతాయి.

మిగిలిన ముక్కల్ని పొయ్యిలో పెట్టొచ్చా?

వద్దు. జిగురు, పురుగు మందు, లామినేట్ కాలితే వచ్చే పొగ పీల్చదగ్గది కాదు. చిన్న ముక్కలైనా పనికొస్తాయి: బరువైన సామాను కింద ఆనించడానికి, డ్రిల్లు వేసేటప్పుడు అడుగున పెట్టడానికి, తర్వాతెప్పుడైనా లామినేట్, రంగు సరిచూసుకోవడానికి. వాటి వెనక గ్రేడు, కొన్న తేదీ పెన్నుతో రాసి పెట్టుకోండి. ఏళ్ళ తర్వాత ఒక తలుపు మార్చాల్సి వస్తే అదే బోర్డు అడగడానికి ఆ ముక్కే మీ చేతిలో ఉండే రసీదు.